డబ్బాలో మోగిన ఫోను

కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరికీ కనబడని బరువు. పైకి నేను మా సందులో పెద్దదాన్ని, నలుగురూ వచ్చి మంచీ చెడ్డా అడిగేదాన్ని. లోపల ఏముందో నాకు తెలుసు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇది రాయడానికి చెయ్యి కదిలింది.

నా రాత బాగుండదు. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. చిన్నప్పుడు ఊళ్ళో నాట్లు, కోతలు. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికాను. మా ఆయన పోయాక, బైబిలు నా అంతట నేను చదువుకోవాలన్న పట్టుదలతో చర్చిలో మధ్యాహ్నంపూట ఒక టీచరమ్మ దగ్గర కూర్చున్నాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివిన రోజులు ఇప్పటికీ గుర్తే. ఆ చదువుతో నేను చేసిన పని ఏమిటో వినండి.

మా అబ్బాయి నాకు పెద్ద ఫోను కొనిచ్చాడు. కొడుకూ కోడలూ పొద్దున మంగళగిరి ఉద్యోగాలకు పోతే చీకటిపడ్డాక వస్తారు. పొద్దుపోతుందని ఇచ్చాడు. నిజంగానే పోయింది. పొద్దు ఒక్కటే కాదు, నేనూ పోయాను. ఎవరో చేప పొలుసు తీస్తుంటే చూశాను. ఎవరింట్లోనో అత్తాకోడళ్ళు తిట్టుకుంటుంటే చూశాను. మోకాళ్ళనొప్పికి మందు, పట్టుచీరల అమ్మకం, పాముల్ని పట్టేవాడు, అన్నీ చూశాను. ఇది అయిపోగానే ఆపుదాం అనుకుంటాను. వేలు నా మాట వినదు, పైకి తోసేస్తుంది. ఇంకొకటి వస్తుంది. పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే వాసన వచ్చేది, లేవబుద్ధి అయ్యేది కాదు. బైబిలు మీద దుమ్ము పేరుకుంది. అక్షరాల కోసం అంత తపించిన మనిషినేనా నేను? నాకే అర్థమయ్యేది కాదు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా జబ్బు నాకు బాగా తెలుసు కాబట్టే అది పక్కవాళ్ళలో ఇట్టే కనబడేది. ఆ ఏడాది శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు మేం ఉపవాసాలుండే నలభై రోజులు, మొదలయ్యే ముందు మా చర్చి స్త్రీల సమాజంలో నేనే లేచి మాట్లాడాను. ఏటా మాంసం మానేస్తాం, కాఫీ మానేస్తాం. ఈసారి ఫోను మానేద్దాం అన్నాను. రోజంతా కాదు, సాయంత్రం ప్రార్థన వేళకు సందులోవాళ్ళందరూ ఫోన్లు తెచ్చి మా ఇంట్లో పెట్టాలి, ప్రార్థన అయ్యాక తీసుకుపోవాలి. పాస్టరుగారు ఎంత సంతోషించారో. ఖాళీ బియ్యం డబ్బా ఒకటి కడిగి, అడుగున తువ్వాలు పరిచి నేనే సిద్ధం చేశాను.

అందరూ ఒప్పుకున్నారు. సుగుణ ఒక్కతే గుమ్మంలో తటపటాయించింది.

సుగుణ ఎవరో చెప్పాలి. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో వ్యవసాయం చేసుకునే హిందువుల పిల్ల. మా చర్చి కుర్రాణ్ణి, కరెంటు పని చేసేవాణ్ణి ఇష్టపడి చేసుకుంది. ఆ పెళ్ళితో పుట్టింటి గుమ్మం మూసుకుపోయింది. కూతురు పుట్టినా తల్లి చూడటానికి రాలేదు. సుగుణ చేస్తే ఫోను ఎత్తేది కాదు. ఇదంతా ఆ పిల్ల నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పిందే.

"పెద్దమ్మా, నాది ఇంట్లోనే ఉంచుకుంటానే. మా అమ్మ ఎప్పుడైనా చేస్తుందేమో."

"ఇన్నేళ్ళు చెయ్యంది సరిగ్గా ప్రార్థన వేళకే చేస్తుందా? గంట సేపట్లో కొంపలేం మునిగిపోవు. పెట్టు."

"మోగితే?"

"మోగితే నేనొచ్చి పిలవనా? కాళ్ళు పడిపోయినయ్యా నాకు?"

నవ్వింది. పెట్టింది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ ఏర్పాటు మంచిదే. మొదటి వారంలోనే సందు మారిపోయింది. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకున్నారు. పిల్లలు పోట్లాడుకున్నారు, అదీ చాలాకాలానికి. వంతులవారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన. పాటలు కాలవగట్టు దాకా వినబడేవి. మొదట్లో ఎవరి ఫోనైనా మోగితే నేను లేచి వెళ్ళి పిలిచాను కూడా. అది అబద్ధం కాదు.

అబద్ధం ఎక్కడుందంటే, డబ్బాలో నా ఫోను లేదు. మావాడి పాత బొత్తాల ఫోను, చచ్చిపోయినది, దాన్ని అందరి ముందూ డబ్బాలో వేశాను. నా అసలు ఫోను దిండు కింద. మోకాళ్ళు నొప్పి, నేను ఇక్కడే కూర్చుని ఫోన్లకు కాపలా ఉంటాను, ఇక్కడే ప్రార్థన చేసుకుంటాను అని చెప్పేదాన్ని. వాళ్ళు అటు వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసేదాన్ని. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను, ఫోను దూరం పెట్టాక దేవుడు దగ్గరయ్యాడని. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో! నాలుక తడబడలేదు. అదే నాకు భయం.

ఆ సాయంత్రం పాట మొదలయ్యింది. నేను చూస్తున్నదేమిటో కూడా చెబుతాను, దాచి ఏం లాభం. ఎవరో ఒక కోడలు అత్త నగలు తీసిందో లేదో తేలబోతోంది. అప్పుడు డబ్బాలో ఫోను మోగింది. ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. రేకు డబ్బా కదా, లోపల గొల్లున మోగుతోంది. విసుక్కుంటూ మూత తీశాను. సుగుణ ఫోను. వెలుగులో రెండక్షరాలు కనబడ్డాయి. అమ్మ.

టీచరమ్మ నాతో మొట్టమొదట చదివించిన మాట అది. కూడబలుక్కోవలసిన పని లేకుండా చదివేశాను.

ఎర్రది నొక్కాను.

తెలిసి చేశానా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడిగిన ప్రశ్న ఇదే. వీడియోలు తోసినట్టే వేలు దాన్నీ తోసేసింది, నేను కాదు, అలవాటు చేసింది అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. కాదు. కళ్ళు చదివాయి. ఆ పిల్ల చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది కూడా ఒక్క క్షణం గుర్తొచ్చింది. ఇది అయ్యాక పిలుద్దాంలే అనుకున్నాను. మూత పెట్టేశాను. అయ్యాక ఇంకొకటి వచ్చింది. మర్చిపోయాను. ఒక తల్లి పిలుపుని ముక్కూమొహం తెలియని వాళ్ళ నగల కోసం మర్చిపోయాను.

ప్రార్థన అయ్యి అందరూ ఫోన్లు తీసుకున్నారు. సుగుణ ఇంటిదాకా వెళ్ళి పరుగెత్తుకుంటూ వెనక్కొచ్చింది.

"పెద్దమ్మా, నా ఫోను మోగిందా?"

"లేదే. ఏమయ్యింది?"

"మా అమ్మ చేసింది. నేను కట్ చేసినట్టు చూపిస్తోంది!"

"డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటయ్యి కదమ్మా, ఏదో నొక్కుకుపోయి ఉంటుంది. మళ్ళీ చెయ్యి."

నా ముందే చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. నేను పక్కన నిలబడి, ఆ పిల్ల వీపు నిమిరాను. నిమిరిన చెయ్యి ఏదో మీకు చెప్పక్కర్లేదు.

తరవాత వాళ్ళ తమ్ముడి ద్వారా సంగతి తెలిసింది. ఎవరిదో పెళ్ళికి వచ్చి, తిరిగి వెళ్తూ వాళ్ళమ్మ బెజవాడ బస్టాండులో నిలబడి ఫోను చేసిందట. బస్సు ఎక్కేలోపు మనవరాలిని ఒకసారి చూసిపోదామని. బస్టాండుకీ మా సందుకీ ఆటోలో ఎంత దూరం? ఇంటికెళ్ళి అన్నదట: "నేను దిగొచ్చి చేస్తే మొహం మీదే కట్ చేసింది. ఇక నా పేరెత్తొద్దు." సుగుణ తమ్ముడితో డబ్బా సంగతి చెప్పి పంపింది. ఎవరు నమ్ముతారు? బియ్యం డబ్బాలో ఫోను దానంతటదే కట్ అయ్యిందంటే, చెప్పడం చేతగాని అబద్ధంలా ఉంది. అది నా అబద్ధం. ఆ పిల్ల నోటితో చెప్పించాను.

అప్పటినుంచి సుగుణ చేతిలోంచి ఫోను దిగలేదు. వంట చేస్తూ చేతిలోనే, స్నానానికి వెళ్తే గూట్లో, చర్చిలో ఒళ్ళో. మొదట తల్లి కోసమే. కానీ ఊరికే చూస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? వేలు ఊరుకోదు, అది నాకు తెలియనిదా. ఏవేవో తెరిచింది. నేను చూసినవే చూడటం మొదలుపెట్టింది. కూతురు పక్కన నిలబడి ఏదో అడుగుతుంటుంది, ఈ పిల్లకు వినబడదు. మొగుడు ఒకసారి ఫోను లాక్కుంటే మీద పడి కొరికింది. సందులో పేరు పెట్టారు, సెల్లు సుగుణ అని. పాస్టరుగారు ఫోను వ్యసనం గురించి ప్రసంగం చేస్తుంటే అందరి తలలూ అటే తిరిగాయి. నా తల కూడా.

నేనేమో మానేశాను. ఫోను మావాడికి ఇచ్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. అది భక్తి కాదు, భయం.

మొన్న స్త్రీల సమాజంవాళ్ళు వచ్చారు. "నువ్వు మానేసినదానివి, నువ్వు చెబితేనే వింటుంది, సుగుణ చేత ఆ ఫోను తగ్గించు పెద్దమ్మా" అన్నారు. సరే అన్నాను. నేను వెళ్ళి ఏం చెప్పాలి? ఆ పిల్ల చేతికి దాన్ని అంటగట్టిందాన్ని నేను. మీకు రాసి పంపి ఊరుకుందామా అనుకున్నాను. అదీ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చోవడమే కదా.

నిన్న మధ్యాహ్నం వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది, ఫోను చేతిలో. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పాను. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. చచ్చిన ఫోను సంగతి, దిండు సంగతి, మూత తీసింది, చదివింది, నొక్కింది. మీ అమ్మ నంబరివ్వు, నేనే మాట్లాడతాను, ఊరికి పొమ్మన్నా పోయి ఆవిడ ముందు నిలబడతాను అన్నాను.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. అదైనా బాగుండేది.

"ఎంతసేపు మోగింది పెద్దమ్మా?"

"చాలాసేపే మోగిందమ్మా. ఆగుతుందేమోనని చూశాను."

"ఆగలేదా?"

"ఆగలేదు. నేను కట్ చేసేదాకా మోగుతూనే ఉంది."

పొమ్మనలేదు, కూర్చోమనలేదు. నంబరు ఇవ్వలేదు. వచ్చేశాను. ఇవాళ పొద్దున్నుంచి వాళ్ళ తలుపు తీయలేదు. వచ్చే ఆదివారం చర్చిలో కూడా చెబుతాను, పాస్టరుగారికి చెప్పి పెట్టాను. సుగుణ క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. నేనైతే క్షమించను. కానీ ఆ తల్లి ఎంతసేపు పిలిచిందో ఇన్నేళ్ళూ నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు కూతురికీ తెలుసు.