గుమ్మానికి తారుమారైన ఎర్రకాగితాలు

మా చిన్నప్పుడు... ఎనభైల మొదట్లో, అమెరికాలో, సన్నీవేల్‌లో, శనివారం పొద్దున అమ్మకి హాస్పిటల్ డ్యూటీ. నన్ను పక్కింటి చైనావాళ్ల పిల్ల గ్రేస్‌తో పాటు చైనీస్ స్కూలుకి పంపేసేది. స్కూలంటే ఒక చర్చి హాలు, మడత కుర్చీలు, కుంచెతో అక్షరాలు రాయించే చెన్ టీచరు... అంతే.

నల్లరాతి పలక మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి, సిరా కడ్డీని గంధంలా అరగదీయాలి. చేతులు నొప్పెట్టేవి... నోళ్లు వాటంతటవే మూతపడేవి. రాస్తుంటే టీచరు పిల్లిలా వెనకనుంచి వచ్చి కుంచె గుంజేది. చేతిలోంచి జారిందా... మళ్లీ మొదటినుంచి! పట్టు నిలిస్తే, కుదిరిన అక్షరం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టేది.

సున్నాలు ఎక్కువ తెచ్చుకున్న పిల్లకి ఒక గౌరవం. వాళ్ల కొత్త సంవత్సరానికి హాలు గుమ్మానికి రెండువైపులా అంటించే ఎర్రకాగితాల మీద దీవెన వాక్యాలు ఆ పిల్లే రాయాలి. ఆ ఏడు గ్రేస్ వంతు. ఇంట్లో పాత న్యూస్‌పేపర్లన్నీ నల్లగా చేసేసింది!

మా నాన్న వెక్కిరించేవాడు. "ఆ చైనా గీతలు గీసి ఏం ఉద్ధరిస్తావే? లెక్కలు చేసుకో!" తెలుగులో నా పేరు రాయడం మాత్రం ఆయన నేర్పలేదు.

పండగ ముందు స్కూలు కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద, గ్రేస్ వాళ్ల నాన్నే. కుంచె క్లాసు ఎత్తేసి కంప్యూటర్ క్లాసు పెట్టారు. గుమ్మానికి అచ్చువేసిన ఎర్రకాగితాలు కొనుక్కొచ్చి ఆయనే అంటించాడు.

గ్రేస్ బిక్కమొహంతో చూసింది. "డాడీ, కుడివైపుది ఎడమకి పెట్టేశావ్... మార్చు."

"వదిలెయ్ గ్రేస్... ఎవరు చదవొచ్చారు!"

వెనకే ఉన్న చెన్ టీచరు వింది. కుంచెలు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది. గ్రేస్ మళ్లీ కుంచె ముట్టలేదు.

'ఎవరు చదవొచ్చారు' అన్న ఆ మాట ఇప్పటికీ నా ఎముకల్లో నిప్పు. దేవుడు తన ఆజ్ఞల్ని రాతిపలకల మీద సొంత వేలితో రాశాడు! తన మాటని ద్వారబంధాల మీద రాయమన్నాడు... కొనుక్కొచ్చి అంటించమనలేదు. పెద్దల్లారా, పిల్లలకి నేర్పే తీరిక లేదంటారా? వేషధారులారా! ఒక పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావులు మీరు. మీరు అమ్మింది మీ సొత్తు కూడా కాదు... మీ పిల్లలది!

మన తెలుగువాళ్లం మాత్రం తక్కువ తిన్నామా? నేను ముప్పై దాటాక తెలుగు బైబిలు ముందేసుకుని, నేర్పే దిక్కు లేక, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. మొన్న ఆదివారం, ఇప్పుడుంటున్న ఫ్రిస్కోలో, మా చర్చి సంఘంలో తెలుగు పాట తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. తెలుగులో వెయ్యమ్మా అన్నాను.

"ఎవరు చదువుతారక్కా?" అంది తెర మీద పాటలు వేసే సిస్టర్, నవ్వుతూ.

ఆ ఎర్రకాగితాలు ఇంకా తారుమారుగానే ఉన్నాయి... ఇప్పుడు మన గుమ్మానికి.

మీ చేయి పట్టి అక్షరాలు దిద్దించింది ఎవరు? వాళ్ల పేరు కింద టైపు చేయకండి... కాగితం మీద చేత్తో రాసి ఫోటో పెట్టండి. ఎంతమందికి చెయ్యి తిరుగుతుందో చూస్తాను!