కంపలో సందు

పొదిలికి బదిలీ మీద వచ్చాక, అద్దె ఇంటి వెనక కాస్త జాగాలో మెంతికూర, తోటకూర మళ్ళు వేసుకున్నాను. కూర మీద మోజు కాదు. బడి నుంచి వచ్చాక చేతికి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఆ ఇల్లు నన్ను మింగేసేలా ఉండేది.

సాయంత్రం నీళ్ళు పోసి లోపలికి వెళ్ళడమే ఆలస్యం, పక్కింటి కుక్క పిట్టగోడ దూకి వచ్చి, తడి మడిలో గుంట తవ్వుకుని చల్లగా పడుకునేది. వెంటనే పక్కింటామె పరుగెత్తుకొచ్చేది.

"అయ్యో, మళ్ళీ దూరిందా టీచరమ్మా! దీని దుంపతెగ!"

కుక్కను తిట్టి, నన్ను ఓదార్చి, గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ రోజు కూలికి వెళ్ళిన మిరపచేను సంగతులు, కోడలి అలకలు, అన్నీ చెప్పేది. బడి గేటు దాటాక నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

బడిలో చెప్పుకుంటే అందరిదీ ఒకటే మాట, మళ్ళ చుట్టూ కారం చల్లమని. ఈ వైపు దిష్టికైనా మిరపకాయలే, చీమలకైనా కారమే. సరేనని చల్లాను. కుక్క రెండు తుమ్ములు తుమ్మి, యథాప్రకారం పడుకుంది. పక్కింటామె పడీపడీ నవ్వింది.

"మిరప కల్లంలో పుట్టింది టీచరమ్మా ఇది. కాయల రాశి పక్కనే పెరిగింది. దీనికి కారం ఒక లెక్కా?"

కానీ నా మళ్ళు పాడవుతుంటే ఆమెకు తల కొట్టేసినట్టుండేదట. ఒక ఆదివారం మొగుడూ పెళ్ళాలిద్దరూ చేలోంచి తుమ్మకంప మోసుకొచ్చి, కోడిపిల్ల కూడా దూరకుండా మళ్ళ చుట్టూ నాటారు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

కుక్క రావడం మానేసింది. ఆమె కూడా మానేసింది. పొద్దంతా చేలో వంగి వంగి వచ్చే మనిషికి ఊరికే నా గడప తొక్కే పనేముంది? నేనే వెళ్ళొచ్చు. వెళ్ళి ఏమనాలి? ఒక్కదాన్నే ఉండలేక వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. పొగరో, బిడియమో. మెంతికూర మాత్రం ఏపుగా పెరిగింది. దాన్ని చూస్తే ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం ఇక తట్టుకోలేక కంప మండ ఒకటి పీకి గోడకు ఆనించాను. కంచే చేను మేయడమంటే ఇదే. కాసేపటికి కుక్క వచ్చి, వాసన చూసి, మెంతికూర మీద వెల్లకిలా దొర్లింది.

"అక్కా! మీ కుక్క మళ్ళీ వచ్చింది!" అని వీధి మొత్తం వినిపించేలా అరిచాను.

పిండి చేతులతోనే వచ్చింది. కుక్కను చూసింది, సందు చూసింది, గోడకు ఆనించిన మండను చూసింది.

"కుక్కే పీకి అంత పద్ధతిగా నిలబెట్టిందా టీచరమ్మా?"

నవ్వేద్దామనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆమె చేతులు చీరకు తుడుచుకుని, నా బొటనవేలు పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ముల్లు లోపలే విరిగింది. కదలమాకండి," అంది.

నేను కదల్లేదు. ఇంకో మనిషి నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.