వదిలేసిన తొమ్మిది అధ్యాయాలు

మా అక్కది తాండూరు. నేను వికారాబాదులో ఉంటాను. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు నన్ను హాస్టల్లో చేర్చి చదివించారు, అక్కను కంది చేలకు కూలికి పంపారు. నేను ముప్ఫై నాలుగేళ్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. అక్క అరవై రెండో ఏట పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. అప్పటినుంచి బైబిలును మొదటి పేజీ మొదలుకొని, వేలు పెట్టుకుంటూ చదివింది. ఆరేళ్లలో మూడు వందల ముప్ఫై ఎనిమిది అధ్యాయాలయ్యాయి. రాజుల గ్రంథాలు ముగిసిన చోట ఒక దారం పెట్టింది. ఆ తర్వాత షుగరు వల్ల చూపు పోయింది.

బైబిలంతా ఒక్కసారైనా పూర్తి చేయాలన్నది అక్క కోరిక. గుండె కూడా బలహీనపడిందని, ఏడాదికి మించి చెప్పలేమని డాక్టరు నాతోనూ, అక్క బిడ్డతోనూ అన్నాడు. అక్కకు మేం చెప్పలేదు.

నేను లెక్క వేశాను. మొత్తం అధ్యాయాలు పదకొండు వందల ఎనభై తొమ్మిది. మిగిలినవి ఎనిమిది వందల యాభై ఒకటి. శనివారం శనివారం వెళ్లి పదహారు చొప్పున చదివితే యాభై నాలుగు వారాలు పడుతుంది. ఏడాదికి ఉన్నవి యాభై రెండు. పంతొమ్మిది అధ్యాయాలు వదిలేస్తే సరిగ్గా సరిపోతుంది. అక్క ఆపిన చోటి తర్వాతి గ్రంథంలో మొదటి తొమ్మిది అధ్యాయాలు దాదాపు పేర్లే. ముందు వాటిని వదలాలని, తక్కిన పది ఇంకోచోట చూసుకోవాలని అనుకున్నాను.

మొదటి శనివారం పొద్దున రైలుకు వెళ్లి, పదో అధ్యాయం నుంచి మొదలుపెట్టాను. సౌలు రాజు యుద్ధంలో చనిపోయే కథ అది. నాలుగు వాక్యాలు కాకముందే అక్క చెయ్యి చాపి పుస్తకం తడిమింది.

"నా దారం ఈడున్నది. నువ్వు గాడ సదువుతున్నవ్. నడిమిట్ల గిన్ని ఆకులేందే?"

"అవన్నీ పేర్లే అక్కా. ఫలానా ఆయన కొడుకు ఫలానా ఆయన. అంతే."

"పేర్లైతే ఇడిసిపెడ్తవా? గన్నేండ్లు టీచరమ్మవు, ఎన్నడన్న హాజరు పిలువకుండ పాఠం సెప్పినవా?"

పక్కన కందిపప్పు ఏరుతున్న అక్క బిడ్డ నవ్వింది. "గట్ల అడుగమ్మా. చిన్నమ్మ ఇస్కూల్ల ఒక్కరోజు తప్పినా ఊకునేది కాదంట."

నేను లెక్క చెప్పక తప్పలేదు. శనివారాలు, అధ్యాయాలు అన్నీ చెప్పాను, డాక్టరు మాట తప్ప. అక్క చివరిదాకా విన్నది.

"ఏడాదే ఎందుకు పెట్టుకున్నవ్? డాక్టర్ సెప్పిండా?"

అక్క బిడ్డ చేట మీంచి తలెత్తి నా వైపు చూసింది.

"అయిపోకుంటే అయిపోకపాయె. నేను పోతే గా పుస్తకమేం పోతదా? మన అవ్వకు సదువు రాదు, ఎవలన్న సదివితే ఇని పోయింది. గప్పుడు గింతే ఉండె, గిప్పుడు గింతే ఉన్నది. గని ఆకులు దాటేసి అయిపోయిందంటే అబద్దమాడినట్టు. మొదటికెళ్లి సదువు."

చదివాను. ఆ పేర్లు నాకు నోరు తిరగలేదు. అక్క రెండుసార్లు నవ్వి, "నీకు గూడ గిట్లనేనా" అన్నది. ఆ రోజు తొమ్మిదే అయ్యాయి. తర్వాత ఒక్కటీ వదల్లేదు.

అక్క ముప్ఫై ఎనిమిది శనివారాలు విన్నది. మత్తయి సువార్త పదో అధ్యాయం దాకా వచ్చాం. ఆ తర్వాతి బుధవారం పోయింది. ఇంకా రెండు వందల యాభై మిగిలాయి.

సమాధి చేసిన మరుసటి శనివారం ఖాళీగా కూర్చోలేక తాండూరు వెళ్లాను. చదువుదామని కాదు, పిల్లను చూసి వద్దామని. అక్క బిడ్డ చాప పరిచి, బైబిలు నా ఒళ్లో పెట్టింది.

"సదువు చిన్నమ్మా."

"ఎవరి కోసమే?"

"నేను గూడ మొదటికెళ్లి చెవులు పెట్టి ఇంటనే ఉన్న గదా. నడుమల ఆపుతవా?"

ఆమె కందిపప్పు చేట ముందుకు లాక్కుని కూర్చున్నది. నేను పదకొండో అధ్యాయం తీశాను.