కిటికీ వైపు గోలు

మా డ్రిల్లు సారు జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఇది నేను ఆయన మీద చాడీ చెప్పడం కాదు. మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. అన్నమయ్య జిల్లాలో మాదొక చిన్న టౌను. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని ఒప్పుకోని ఆ ఊరి హైస్కూల్లో ఆయన ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ నేర్పాడు. తర్వాత ఆ కాంట్రాక్టు ఉద్యోగం ఊడింది. కువైట్ వచ్చి జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదురుకున్నాడు. అప్పటికే ఆయన శిష్యులం చాలామందిమి ఇక్కడే ఉన్నాం. ఒకరోజు నేను పనిచేసే బకాలా కొట్టుకు పెరుగు డబ్బా కోసం వచ్చి, కౌంటర్లో నన్ను చూసి, "ఏమిరా, ఇట్ల లావైపోయినావు" అన్నాడు. అన్నేళ్ళకు కనబడిన గురువు మొదటి పలకరింపు అది. శుక్రవారం సాయంత్రం గ్రౌండుకు రమ్మని పెరుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అలా మా హైస్కూలు టీము జహ్రాలో మళ్ళీ పుట్టింది. డ్రైవర్లు, వంటవాళ్ళు, వాళ్ళ పొట్టలు. మళ్ళీ ఓడడం మొదలుపెట్టాం. ఎప్పుడూ ఒకటే వరస. మొదటి సగంలో గెలుస్తుంటాం, పక్కలు మారగానే చిత్తుగా ఓడతాం. సారు దీనికి స్టామినా లేకపోవడం అని పేరు పెట్టాడు. ఊళ్ళో హాఫ్‌టైములో చెనిక్కాయల ఉండలు పెట్టేవాడు. ఇక్కడ ఖర్జూరాలు పెట్టాడు. ఖర్జూరాలు తిని ఓడాం.

ఇంతలో ఆయన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి కారు వాళ్ళే నడుపుకోసాగారు. ఇంటికి డ్రైవరు అక్కర్లేకపోయింది. సారుకు టికెట్ తీశారు.

"ఇంగ ఖలాస్ రా నాకు" అన్నాడు ఆఖరి మ్యాచ్ ముందు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని. "ఊరికి పోతానే టీకొట్టుకాడ అడుగుతారు, కువైట్లోనన్నా గెల్చినావా సామీ అని. ఒక్కటి గెలవండ్రా. ఒక్కటి చాలు."

ఆయన మా మీద అరవడమే తెలుసుగానీ, అడగడం ఎప్పుడూ చూడలేదు.

అవతలి టీము దజీజ్ గోడౌన్లలో పనిచేసే మలయాళీలు. రోజంతా బరువులు మోసే మనుషులు, ఒక్కొక్కడూ బీరువాలా ఉన్నాడు. సారు కఫీల్ కూడా వచ్చి, ఏసీ వేసుకుని కార్లో కూర్చున్నాడు. మొదటి సగం ఎప్పట్లాగే మేం ఎడారి వైపు ఆడాం. రెండు గోల్స్ వేశాం. సారు ఒక్కొక్కరికీ రెండేసి ఖర్జూరాలు పంచాడు.

పక్కలు మారాయి. ఇప్పుడు మేం గోల్ వేయాల్సిన వైపు ఒక విల్లా ఉంది, గోడ నిండా అద్దాల కిటికీలు. బంతి నా కాలికి దొరికింది. ఇద్దర్ని తప్పించి, ఉరికి, అందంగా కొట్టాను. మా గోల్‌కీపరు, ఒక ఇంట్లో వంటచేస్తాడు, రెండు చేతులూ ఊపుతూ "న్నా, నేను న్నా, నేనే" అన్నాడు. అప్పటికే బంతి అతని పక్కనుంచి లోపలికి పోయింది. రెండో గోల్ కూడా మా మీద మేమే వేసుకున్నాం. అది ఒక డ్రైవరు తలతో కొట్టాడు. అతను తల వాడగా చూసింది నేను అదొక్కసారే. దజీజ్ వాళ్ళు ఆడడం మానేసి నడుం మీద చేతులేసుకుని చూస్తున్నారు. వాళ్ళకు మేం పనేమీ మిగల్చలేదు.

కఫీల్ కారు అద్దం దించి సారును అడిగాడు: "మీవాళ్ళకు ఆ కిటికీల్లో దెయ్యం కనబడుతోందా?"

సారు కిటికీల వైపు చూశాడు. అట్లాగే ఇసుకలో కూలబడ్డాడు.

మా స్కూలు గ్రౌండులో ఉన్నది ఒక్కటే గోల్‌పోస్టు. రెండో పక్క హెడ్మాస్టరు రూము. ఎప్పుడో బంతి తగిలి దాని కిటికీ అద్దం పగిలింది. అప్పట్నుంచి ఆటల పీరియడంతా ఆయన బెత్తం పట్టుకుని వరండాలో నిలబడేవాడు. "కిటికీ పక్క కొట్టాకండ్రా" అన్నది సారు మాకు చెప్పిన మొదటి పాఠం, రోజూ చెప్పిన పాఠం. ఆయన నేర్పినవాటిలో మాకు బాగా వంటబట్టింది అదొక్కటే. సముద్రం దాటినా వదల్లేదు.

సారు లేచాడు. కఫీల్ కారు డిక్కీలోంచి దుమ్ము దులిపే కర్ర లాక్కుని, మా గోల్‌పోస్టు వెనక్కి ఉరికి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, పొట్ట ముందుకు పెట్టి నిలబడ్డాడు. "ఎవడ్రా అది?" అన్నాడు. అచ్చం హెడ్మాస్టరు గొంతు. నాకు నలభై ఏళ్ళు, ఇద్దరు పిల్లల తండ్రిని. నా కాళ్ళు నన్ను అడక్కుండానే వెనక్కి తిరిగి విల్లా వైపు పరుగెత్తాయి. టీమంతా పరుగెత్తింది, బంతిని తన్నుకుంటూ, దుమ్ము లేపుకుంటూ. దజీజ్ వాళ్ళు భయపడి దారిచ్చారు. బంతి ఎవరిదో మోకాలికి తగిలి గోల్లోంచి దూసుకుపోయి విల్లా గోడకు కొట్టుకుంది. అందరం చెవులు మూసుకున్నాం. అద్దం పగల్లేదు.

అంత దుమ్ములో సారుకు ఏమీ కనబడలేదట. గోల్‌కీపరు తర్వాత చెప్పాడు.

"ఎవురు కొట్టినారు రా?" అని అడిగాడట.

"మనోళ్ళే సార్."

"యా పక్క?"

"మంచి పక్కే సార్."

ఇంకా కొన్ని నిమిషాల ఆట మిగిలింది. సారు అక్కణ్ణించి కదల్లేదు. కదిలితే మేం మళ్ళీ ఇటు తిరుగుతామని ఆయనకు తెలుసు. జీవితంలో మొదటిసారి గెలుస్తున్న మనిషి, ఎగరకుండా, చప్పట్లు కొట్టకుండా, కర్ర పట్టుకుని మమ్మల్ని ఉరిమి చూస్తూ నిలబడ్డాడు. బుగ్గల మీది దుమ్ములో కన్నీళ్ళు చారలు కట్టాయి. వాటినీ తుడుచుకోలేదు.

విజిల్ పడింది. అప్పుడు మేమందరం మా గోల్ వైపే పరుగెత్తాం. ఆయన మమ్మల్ని ఆపలేదు.