దీనమ్మ కళ్ళు మూయదు

గూడెం చర్చిలో పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అనగానే అందరి కళ్ళూ మూతపడతాయి, దీనమ్మవి తప్ప. ముసుగు నొసటి దాకా లాక్కుని, పెదవులు కదుపుతూనే, ఒళ్ళో ఉన్న కూతురు కెజియను చూస్తుంటుంది. పోయిన వానాకాలం జ్వరంతో మూలుగుతున్న కొడుకు యోనా పక్కన మోకరించి ఆమె కళ్ళు మూసుకుంది. ఆమేన్ అని తెరిచేసరికి వాడిలో ఊపిరి లేదు. అయినా ఆదివారం తప్పదు, స్తోత్రం మానదు. మిరపకాయలు ఏరిన వేళ్ళు పిల్ల ముఖానికి తగిలితే మండుతుందని, ఊపిరి చూడాలన్నా చెయ్యి తిప్పి వెనకవైపే ముక్కు దగ్గర పెడుతుంది.

మొన్న ఆదివారం కెజియకు ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ప్రార్థన మొదలవగానే పిల్ల తల్లి వేలు పట్టుకుని, "నువ్వు కళ్ళు మూస్కో అమ్మా. నేను నీ వేలు ఇడువను" అన్నది. దీనమ్మ చాలాసేపు తటపటాయించి మూసింది. "ప్రభువా, ఇది నీ బిడ్డనే. కానీ నా దగ్గరనే ఉండనీ" అని గొణిగింది. ప్రార్థన సగంలో వేలి మీద పట్టు సడలింది. అయినా దీనమ్మ కళ్ళు తెరవలేదు. రెండో చెయ్యి తిప్పి, తడుముకుంటూ పిల్ల ముక్కు దగ్గరికి తెచ్చింది. ఊపిరి వెచ్చగా తగిలింది. చుట్టూ అందరూ ఆమేన్ అని లేచి చాపలు చుడుతున్నారు. దీనమ్మ కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి, చెయ్యి ఇంకా అక్కడే ఉంది.