పసుపు నీళ్ళు పోసిన పిల్లికూన

ఉదయం ఆరూ ఇరవైకి మునిసిపాలిటీ కుళాయి వచ్చింది. నరసాపురంలో మా వీధికి నీళ్ళు వచ్చేది గంటసేపే. ఆ రోజు ఇంట్లో అందరూ ఆ గంట కోసమే కాచుకుని ఉన్నారు. నా భర్త పోయి పదకొండో రోజు. శుద్ధికి ఇల్లంతా కడగాలి. పదో రోజు తంతు ముందు రోజే అయిపోయింది. దాని గురించి నేను రాయను.

కడిగించే పెత్తనం మా వదినగారిది, అంటే ఆయన అక్కగారిది. డెబ్భై దాటిన మనిషి. కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో ఫినాయిలు సీసా, ఇంకో చేత్తో పసుపు డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు.

“బకెట్లు తెచ్చిపెట్టు అమ్మాయ్. కడగడం నేను చూసుకుంటాను. నువ్వు నడుం వంచక్కర్లేదు” అన్నారు.

బకెట్లు సామాన్ల గదిలో ఉన్నాయి. మా ఇంటి ముందు భాగంలో దారాల కొట్టు ఉంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు లేసు అల్లుతారు, వాళ్ళకి కావలసిన నూలు ఉండలు ఆయన అమ్మేవారు. ఖాళీ అట్టపెట్టెలన్నీ వెనక సామాన్ల గదిలో పేర్చి ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన లుంగీ ఒకటి దాచాను. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని మూడో రోజునే మూట కట్టి ఇచ్చేశారు. నీలం గళ్ళ లుంగీ ఒక్కటి, ఉతకనిది, ఎవరూ చూడకుండా నేను తీసి పెట్టుకున్నాను.

ఆ పెట్టెలో పిల్లి పడుకుని ఉంది. కొట్టులో ఎలుకల బాధ పడలేక ఆయన చేరదీసిన బూడిదరంగు పిల్లి. లుంగీ అంతా తడిగా ఉంది. పక్కన ఒక కూన, చనిపోయి ఉంది. ఇంకో కూన సగం బయటికి వచ్చి ఆగిపోయింది. రెండు వెనక కాళ్ళు, తోక కనిపిస్తున్నాయి. పిల్లి ముక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ ముక్కుతోంది. కాళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి.

రెండిళ్ళ అవతల, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఆయన ఉంటారు. ఫోన్ చేస్తే నోట్లో బ్రష్షుతోనే వచ్చారు. పెరట్లో పుక్కిలించి ఊసి, పెట్టె దగ్గర గొంతుక్కూర్చున్నారు.

“ఎదురుకాళ్ళండి. తల లోపల ఉండిపోయింది. మీరు పట్టుకోండి, నా చేతులు వణుకుతాయి.”

“నాకు రాదండి.”

“దానికి మాత్రం వచ్చేంటండి? దానికీ ఇదే మొదటి కాన్పు.”

తడి గుడ్డతో ఆ కాళ్ళు పట్టుకున్నాను. అగ్గిపుల్లల్లా ఉన్నాయి. “అది ముక్కినప్పుడే లాగండి. కిందికి. అది ఆగితే మీరూ ఆగండి” అన్నారు ఆయన. నాలుగోసారికో ఐదోసారికో జారి నా అరచేతిలో పడింది. కదలిక లేదు. ముక్కూ నోరూ తుడవమన్నారు, తువ్వాలుతో ఒళ్ళు రుద్దమన్నారు. నేను భయపడుతూ రుద్దుతుంటే, “అలా కాదండి, గట్టిగా. ఏం విరిగిపోదు. ఆవిడ ఇత్తడి బిందె ఎలా తోముతారో చూశారుగా, అలా” అని వాకిలి వైపు చూపించారు. కాసేపటికి చిన్న కీచుమన్న చప్పుడు వచ్చింది.

కాంపౌండరుగారు పిల్లి కడుపు తడిమి, ఇంకేం లేవన్నారు. అంటే బతికినది ఈ ఒక్కటే. నల్లది, గడ్డం కింద కాస్త తెలుపు.

“ఇప్పుడు చూడండి. తల్లి దగ్గర ముర్రుపాలు తాగాలి, తొందరగా. తాగిందా, బతుకుతుంది. లేదంటే మీరూ నేనూ ఎంత తంటాలు పడినా సాయంత్రం దాకా ఉండదు. తల్లి నాకుతోంది కాబట్టి ఫరవాలేదు. పొట్ట దగ్గర పెట్టి చూస్తూ ఉండండి. స్నానం చేసి వస్తాను.”

కూన నోటిని చన్ను దగ్గర పెట్టాను. దానికి తల నిలవలేదు. రెండుసార్లు నోట్లో పెడితే రెండుసార్లూ జారిపోయింది. మూడోసారి పెడుతుండగా ముందు నుంచి పిలుపు వచ్చింది. పంతులుగారు పుణ్యాహవాచనానికి కూర్చున్నారు, నేను కూడా వచ్చి కూర్చోవాలట.

నేను వెళ్ళాను. ఒక ప్రాణం పాలు పట్టక కొట్టుకుంటుంటే, శుద్ధి కావడానికి వెళ్ళాను. ఎవరూ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేదు. “ఇప్పుడు కాదండి” అంటే ఏమయ్యేది? పంతులుగారు పది నిమిషాలు ఆగేవారు. అంతే.

తిరిగి వచ్చేసరికి సామాన్ల గదిలో ఫినాయిలు వాసనకి కళ్ళు మండాయి. నేలంతా తడి. పెట్టె లేదు, లుంగీ లేదు, పిల్లి లేదు. మూలన ఒక పేపరు ముక్క మీద కూన ఉంది. ఒళ్ళంతా పసుపు. తడిసి వణుకుతోంది. వదినగారు చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నారు.

“ఇల్లు శుద్ధి చేసుకుంటూ ఇంట్లోనే పురుడు పెట్టుకుంటామా అమ్మాయ్? మైల మీద మైల. అందుకని దానిక్కూడా రెండు దోసిళ్ళు పసుపు నీళ్ళు పోశాను. మంచిదే, పుండ్లూ అవీ పడవు.”

“తల్లి ఏదండీ?”

“అదిగో, గోడెక్కి కూర్చుంది మహారాణి. కనగానే సరా?”

కూనని తీసుకెళ్ళి గోడ కింద పెట్టాను. పిల్లి దిగింది. వాసన చూసింది. తుమ్మింది. చెవులు వెనక్కి పెట్టి బుస్సుమని, రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ గోడెక్కింది. అంతకు కాసేపటి ముందు దాకా అది నాకినది ఈ కూననే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం పిల్లి గురించేనని అనుకుంటారు. రెండు నెలల కిందట ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లకి పసరు తప్ప మందు లేదని వదినగారు అన్నారు. మొగల్తూరు అవతల ఒక ఊళ్ళో ఇస్తారని మూడు ఆదివారాలు పరగడుపున ఆయన్ని కారులో తీసుకెళ్ళారు. ఉప్పూ నూనే లేని పత్యం దగ్గరుండి వండి పెట్టారు. ప్రేమ లేక కాదు. ఆమెకి తమ్ముడంటే ప్రాణం. కానీ ఆయనకి విరేచనం సున్నంలా తెల్లగా అవుతోందని నాకు తెలుసు. అలా అయితే లోపల పైత్యరసం దారి మూసుకుపోయి ఉండవచ్చని, వెంటనే స్కానింగు తీయించాలని నేను ఒక వైద్యం పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. పెద్దావిడ నొచ్చుకుంటుందని, ఆయనకి ఆమె మాట మీదే గురి అని, మూడు ఆదివారాలూ నోరు మూసుకుని కారు దాకా వెళ్ళి తలుపు వేశాను. నాలుగో వారం రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు, “ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?” అని అడిగారు. వరండాలో వదినగారు నా భుజం మీద తల పెట్టి ఏడ్చారు. “నాకు తెలిస్తే తీసుకెళ్తానా అమ్మాయ్?” అన్నారు. నేను ఆమె వీపు నిమిరాను.

ఆ పచ్చదనానికీ ఈ పసుపుకీ నేను పోలిక తేవడం లేదు. అలాంటి పోలికలు రాసేవాళ్ళకి బాగుంటాయి. ఆ గదిలో నిలబడితే నాకు పళ్ళు బిగుసుకుపోయాయి, అంతవరకే చెబుతున్నాను.

కాంపౌండరుగారు తడి జుట్టుతో వచ్చి, కూనని చూసి, వదినగారిని చూసి, నాతో మాత్రం మెల్లగా చెప్పారు. “ఒళ్ళు చల్లబడిపోయిందండి. ఇప్పుడు పాలు పట్టినా అరగవు. ముందు వెచ్చబెట్టాలి.” వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి ఇచ్చారు. కూనని తుడిచి, ఆ సీసాకీ నా కడుపుకీ మధ్య పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని కూర్చున్నాను. పదిహేను నిమిషాలకి వణుకు తగ్గింది.

“ఇప్పుడు ఈ వాసన పోగొట్టాలి. సబ్బుతో పోదు, తల్లి వాసనే పుయ్యాలి. అది ఈనిన గుడ్డ ఏదండీ?”

“పారేశాంగా” అన్నారు వదినగారు. “సందు చివర డబ్బాలో వేయించాను.”

సందులోకి వెళ్ళాలంటే ముందు గది దాటాలి. అక్కడ బంధువులందరూ కూర్చుని ఉన్నారు. “ఇప్పుడే శుద్ధి అయిన మనిషివి, ఆ డబ్బా ముట్టుకోకు” అని వదినగారు వెనక నుంచి అంటూనే ఉన్నారు. నేను వెళ్ళాను. చనిపోయిన కూనని లుంగీలోనే చుట్టి పారేశారు. దాన్ని తీసి గోడవారన పెట్టి, లుంగీ పట్టుకుని మళ్ళీ అందరి మధ్య నుంచే వచ్చాను. పంతులుగారు కాళ్ళు పైకి లాక్కున్నారు.

లుంగీ ఇంకా తడిగానే ఉంది. దాంతో కూన తల, వీపు, పొట్ట రుద్దాను. ఈలోగా వదినగారు వెండి ఉగ్గుగిన్నెలో గోరువెచ్చటి ఆవుపాలు తెచ్చారు.

“ఇలా తే, నేను పడతాను. మా తమ్ముడికి ఉగ్గు పట్టిన చెయ్యి ఇది.”

“వద్దు” అన్నాను.

“ఆవుపాలేగా?”

“వద్దన్నానండీ. గొంతులోకి పోతే చచ్చిపోతుంది. గిన్నె లోపల పెట్టేయండి.”

ముప్ఫై ఏళ్ళలో ఆమెతో నేను వద్దు అన్నది అదే మొదటిసారి. అంత తేలికగా వచ్చే మాట అని నాకు తెలియదు. అది తెలిసి ఇంకా కోపం వచ్చింది.

కాంపౌండరుగారు పిల్లిని బుజ్జగించి దింపి, తువ్వాలులో చుట్టి ఒళ్ళో పట్టుకున్నారు. కళ్ళ మీద లుంగీ కొస కప్పారు. “వెనక చన్నుల్లో పాలు ఎక్కువ ఉంటాయండి. ఒక చుక్క పిండి కూన నెత్తిన రాయండి” అన్నారు. పిండాను. చిక్కటి చుక్క వచ్చింది. నెత్తికీ వీపుకీ రాశాను. చిటికెన వేలితో దవడ మూల నొక్కితే నోరు తెరుచుకుంది. చన్ను పెట్టాను, జారింది. మళ్ళీ పెట్టాను. పట్టుకుంది గానీ చప్పరించలేదు. మళ్ళీ జారింది. నడుం పట్టేసింది. పిల్లి గుర్రుమంటూ గోళ్ళు బయటపెట్టింది, ఆయన మోచేతి మీద గీరింది. “కానివ్వండి, కానివ్వండి, నాకు అలవాటే. మా ఆవిడ దగ్గర నేర్చుకున్నానండి ఓర్పు” అన్నారు.

ఎన్నిసార్లు జారిందో లెక్క పెట్టలేదు. చివరికి కూన నాలుక మడిచి చన్నుని పట్టింది. మింగినప్పుడల్లా దాని చెవులు కదిలాయి. ముందు కాళ్ళు రెండూ తల్లి పొట్టకి ఆనించి తోయడం మొదలుపెట్టింది. కాంపౌండరుగారు లుంగీ కొస కొంచెం కొంచెంగా తొలగించారు. పిల్లి తల తిప్పి చూసింది. కూన వీపు నాకింది. పసుపుకి తుమ్మింది. మళ్ళీ నాకింది.

“ఇంక మీరు చెయ్యి తీసెయ్యచ్చండి” అన్నారు ఆయన.

గుమ్మంలో వదినగారు ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ఉగ్గుగిన్నె ఇంకా చేతిలోనే ఉంది. నెమ్మదిగా అన్నారు. “నాకు తెలిస్తే పోస్తానా అమ్మాయ్?”

ఆ మాట వినగానే లేచి నిలబడ్డాను. అరవలేదు. నాకు అరవడం రాదు.

“మీకు తెలీదు వదినగారూ. నిజమే. మూడు ఆదివారాలూ కూడా మీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసీ కారు తలుపు వేశాను. ఇంకోసారి నా దగ్గర ‘నాకు తెలిస్తే’ అనకండి. ఆ మాట అన్న ప్రతిసారీ తప్పు నాది అవుతోంది.”

ఆమెకి అర్థం కాలేదని మొదట అనుకున్నాను. తరవాత ఆమె ముఖం చూశాను. అర్థమైంది. “నువ్వు చెప్పి ఉంటే వినేదాన్నే” అన్నారు. వినేవారో లేదో నాకు తెలియదు. ఇక తెలిసే వీలూ లేదు. భోజనాలయ్యాక సంచి సర్దుకుని, మర్నాటి కార్యానికి కూడా ఉండకుండా భీమవరం బస్సెక్కారు. ఆటో దాకా మా మరిది సాగనంపాడు. నేను సామాన్ల గదిలోంచి కదల్లేదు.

కూన బతికింది. పసుపు పోవడానికి వారం పట్టింది. ఇప్పుడు కొట్టులో తిరుగుతూ నూలు ఉండలు దొర్లిస్తుంది. దారం కొనడానికి వచ్చే ఆడవాళ్ళు చిక్కు తీసుకుంటూ తిడతారు. వదినగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయని మరిది చెప్పాడు. పెద్దావిడ, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, నువ్వే ఒక ఫోన్ చెయ్యాలి అని అందరూ అంటున్నారు. వాళ్ళు అన్నది సబబే. నేను ఆమెకి ఫోన్ చెయ్యడం లేదు.