రేపు మా పడుగండీ

నాకు చదువు సంతకం మట్టుకే. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే సగం దానివి.

మంగళగిరిలో మాది నేతోళ్ల వీధి. పడుగంటే చీరకి నిలువు దారాలు. మగ్గం ఎక్కించేముందు దాన్ని తెల్లవారుతూనే వీధి పొడుగూతా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎండ ముదిరితే గంజి బిగుసుకుని దారాలు అంటుకుపోతాయి. అందుకని ముందురోజు సాయంత్రం గడపగడపకీ వెళ్లి "రేపు మా పడుగండీ" అనేవాళ్లం. అంతే. తెల్లారేసరికి వీధంతా వచ్చి నిలబడేది. కూలీ లేదు, నాలీ లేదు. వాళ్ల పడుగుకి మనం వెళ్లడమే.

యుద్ధం రోజుల్లో నూలుకి కంట్రోలొచ్చింది. బెజవాడలో వరసలో నిలబడి తెచ్చిన నూలు ఇంట్లో ఉండగానే మా ఆయన జ్వరంతో పోయాడు. ఆ నూలు మగ్గమెక్కితే నా మగ్గం నాకుంటుంది. లేదా మగ్గం గుంట పూడ్చుకుని, చంటిపిల్లని గట్టున పడుకోబెట్టి, వరినాట్లకి పోవాలి. నెయ్యడం నాకొచ్చు. ఆయన మంచం పట్టినప్పుడే నేర్చుకున్నాను, ఆడది మగ్గమెక్కిందని వీధిలో వాళ్లు నవ్వుతున్నా.

కానీ పడుగో? మొగుడు పోయిన మనిషి ఏడాదిదాకా ఇంకో గడప తొక్కకూడదు. చాపిన పడుగుకి ఎప్పటికీ ఎదురు రాకూడదు, ముట్టకూడదు. మరి నా తరపున చెప్పేదెవరు? పొద్దువాలుతుంటే నా గడపలోనే నిలబడి, వీధి మొత్తం వినేలా అరిచాను. "రేపు మా పడుగండీ."

"గొంతు మాత్రం బాగా లేచిందే వదినా," అంది ఎదురింటావిడ. మిగతావాళ్లు ఒక్కొక్కరే తలుపులేసుకున్నారు.

తెల్లారింది. గంజి కాచి గుమ్మంలో పెట్టి తలుపు వెనకాల నిలబడ్డాను. వీధిలో కోళ్లు తప్ప మనిషి లేడు. అప్పుడొచ్చాడు పక్కింటి పెద్దాయన, చేతిలో కుంచె పట్టుకుని. మురుగు కాలవ దగ్గర తగువుపడి మా ఆయనతో మాటలు మానేసిన మనిషి.

"నూలెక్కడమ్మా?"

"మనకి మాటల్లేవుగా మావయ్యగారూ."

"మాటల్లేంది మీ ఆయనతో. పడుగుతో కాదు." వీధివైపు తిరిగి, "రండర్రా. మొగుడు పోయింది ఈ పిల్లకి, నూలుకి కాదు. గంజి చల్లారిపోతోంది," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఒక తలుపు తీశారు, తర్వాత ఇంకోటి. ఎదురింటావిడే వచ్చి తెగిన దారాలు ముడేసింది. నా పడుగు నేను తలుపు సందులోంచి చూశాను. ఆ మగ్గం మీదే పిల్లని పెంచాను.

ఆ పెద్దాయన పడుగుకి నా చెయ్యి ఇవ్వాలని ఒకటే ఆరాటం. ఏడాది తిరిగాక, ఆయనైతే కాదనడనుకుని, ఆయన పడుగు చాపిన రోజు కుంచె పట్టుకుని బయటికొచ్చాను. ఆయన భార్య గుమ్మంలోనే ఆపింది. "నువ్వొద్దులే తల్లీ. లోపల కూర్చుని కండెలకి నూలు చుట్టు," అంది, మెత్తగానే. ఆయన తలెత్తలేదు. "గంజిలో ఉండలున్నాయి, చూసుకోండర్రా," అన్నాడు పక్కవాళ్లతో. వీధి మొత్తాన్ని పిలిచిన నోరు, ఇంట్లో ఆవిడ ముందు లేవలేదు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే.

యుద్ధం అయిపోయిన కొన్నాళ్లకి, ఊరి చివర షెడ్డులో పడుగు చుట్టే పెద్ద చక్రం పెట్టారు. గంజీ వాళ్లే పెడతారు. నేను నూలు తీసుకెళితే ఎదురొచ్చింది ఎవరని అడిగేవాడు లేడు. మొదటిసారి నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత చూస్తే, తెల్లారినా వీధిలోకి ఒక్కరూ రారు. పక్కింటి పెద్దాయన మంచాన పడ్డాడని నాకు బజార్లో తెలిసింది. బజార్లో, చూడండి.

అప్పుడే బాగుండేదా అమ్మమ్మా, అంటుంది నా మనవరాలు. ఏం చెప్పను? నన్ను వద్దన్న చేతులే నా నూలు దువ్వాయి. వద్దనడం ఒక్కటీ మానేసి, దువ్వడం ఉంచుకోలేకపోయాం. ముందు ముందు వచ్చేవాళ్లకైనా చేతనవుతుందేమో, నాకు తెలీదు.

ఆ రోజు బజారు నుంచి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాను.

"మీకు ఒక పడుగు బాకీ ఉన్నాను మావయ్యగారూ."

"ఎక్కడ తీరుస్తావమ్మా," అన్నాడు, గోడవైపు తిరిగి. "వీధిలో బళ్లు తిరుగుతున్నాయి."